బుల్లెమ్మగారి కేసు కొట్టేసిందెవరు?

"లోకంలో రహస్యాలంటూ ఏమీ లేవు, ప్రిస్కిల్లా. నేనింకా చూడనివి కొన్ని ఉన్నాయి, అంతే."

లా విద్యార్థి దుర్గాసాయి ఈ మాట అన్నది కోర్టు వరండాలో, వకీలు లేనివాళ్ళకు దారి చూపే సహాయ కేంద్రం బల్ల వెనుక కూర్చుని. పక్కనున్న సహాధ్యాయిని ప్రిస్కిల్లాకు ఆ బల్లకన్నా ఓర్పెక్కువ.

అప్పుడే కోరుకొండ వైపు నుంచి బుల్లెమ్మగారు వచ్చారు. పొరుగువాడు దారికి కంచె కట్టిన నాటినుంచీ ఆవిడ వెనకింటివాళ్ళ గొడ్లసావిట్లోంచి వంగి తన ఇంట్లోకి పోతున్నారు.

"మేడమీద కోర్టుకి ఎటండి బాబూ? మా దారికి కట్టిన కంచె మీద కేసండి."

చెయ్యి చూపితే సరిపోయేది. ప్రిస్కిల్లా ఎత్తింది కూడా. దుర్గాసాయి దాన్ని దించాడు.

"కంచె ఏ కర్రండి?"

"సరుగుడండి."

"అనుకున్నాను. మీ చెప్పులు ఒకసారి ఇవ్వండి."

టేపు తీసి కొలిచాడు. ఎడమది, కుడిది, మళ్ళీ ఎడమది. ఎట్టకేలకు విడుదలై పైకి వెళ్ళిన ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ దిగివచ్చారు.

"నా కేసు కొట్టేశారంటండి."

దుర్గాసాయి లేచి నిలబడ్డాడు. "పట్టపగలు. కోర్టులోనే."

"దొంగతనం కాదు సాయీ. పిలిచినప్పుడు మనిషి లేకపోతే కేసు కొట్టివేస్తారు. జడ్జిగారు లేచేలోపు వెళ్ళి అడిగితే..."

"నువ్వలా అనుకోవాలనే నేరస్థుడి పన్నాగం."

ఆ క్షణాన అటెండరు త్రిమూర్తులు కాగితాల కట్టలతో మెట్లెక్కుతున్నాడు.

"సంకలో చూడు, ఎన్ని కొట్టేశాడో."

స్తంభం చాటునుంచి స్తంభం చాటుకు దుర్గాసాయి, అతని చొక్కా పట్టుకుని బుల్లెమ్మగారు, ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రిస్కిల్లా నడిచారు. త్రిమూర్తులు ఒక గదిలోకి వెళ్ళి తలుపు మూశాడు. దుర్గాసాయి తలుపుకు చెవి ఆనించాడు. లోపలినుంచి ఎవరో తలుపు తీశారు. ఆనుకున్నది తొలగిపోతే మనిషికి మిగిలేది నేల ఒక్కటే.

బెంచి మీదనుంచి లేవబోతున్న జడ్జిగారు మళ్ళీ కూర్చున్నారు. "ఏంటి బాబూ ఇది?"

"ఈవిడ కేసు కొట్టేసినవాడు," అన్నాడు దుర్గాసాయి నేలమీదనుంచే, "ఈ గదిలోనే ఉన్నాడండి."

"అవును. నేనే."

నేరం ఇంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ణి దుర్గాసాయి ఎన్నడూ చూడలేదు. 

"పిలిచినప్పుడు ఎక్కడున్నారమ్మా?" జడ్జిగారు అడిగారు.

"ఈ బాబు దగ్గరేనండి. నా చెప్పులు కొలుస్తున్నాడండి."

జడ్జిగారు చెప్పులవంక చూశారు. దుర్గాసాయి జేబులోంచి వేలాడుతున్న టేపువంక చూశారు. "కొట్టివేత రద్దు చేస్తున్నాను. భోజనం తర్వాత వింటాను."

బయటికి రాగానే దుర్గాసాయి దుమ్ము దులుపుకున్నాడు. "చూశావా, పోయిన కేసు దొరికింది."

"దొరికింది. ఆ పని చేసినవాడు కూడా," అంది ప్రిస్కిల్లా.

అతను వేలాడుతున్న టేపును జేబులోకి తోసుకున్నాడు. "జడ్జిగారేగా?"

బుల్లెమ్మగారు కోర్టు గుమ్మం ముందున్న బల్లమీద కదలకుండా కూర్చున్నారు. దుర్గాసాయి అటు వస్తుండటం చూసి, చెప్పులు విప్పి సంచిలో దాచుకున్నారు.