పేల్చుకున్న సారు

ఆదివారం పొద్దున శేషాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, సైకిలెక్కి, ఆర్ట్స్ కాలేజీ వెనక బండల దాకా వెళ్లి, కొత్త పిస్తోలును తనివితీరా పేల్చి, భోజనాల వేళకు తార్నాకలోని ఇంటికి చేరుకోవడం. వచ్చేటప్పుడు చింతపండు తెమ్మని భార్య రమాదేవి చెప్పింది. దానికీ సరేనన్నాడు.

శేషాద్రి యూనివర్సిటీలో వ్యాయామ విద్య లెక్చరరు. కడప జిల్లా మనిషి. కాలేజీల మధ్య జరిగే పరుగు పందేలన్నిటికీ పిస్తోలు పేల్చి మొదలుపెట్టించే బాధ్యత ఆయనది. పురోహితుడు ముహూర్తం కోసం గడియారం చూసినంత శ్రద్ధగా ఆ పని చేసేవాడు. అటువంటి మనిషికి కిందటేడు నిండు మైదానంలో పరాభవం జరిగింది. వంద మీటర్ల ఫైనల్లో కుర్రాళ్లందరూ నడుములు లేపి ఊపిరి బిగబట్టి ఉండగా పాత పిస్తోలు ‘టిక్’ అంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘టిక్’ అంది. ఇద్దరు పరిగెత్తారు, నలుగురు నిలబడిపోయారు, ఒకడు ముందుకు బోర్లాపడి మోకాలు చీరుకున్నాడు. చివరికి ఆ పందెం ఈలతో నడిచింది. ఆనాటి నుంచీ ఆయన వరండాలో కనబడితే చాలు, వెనకనుంచి ఎవరో ఒకరు ‘టిక్’ అనేవారు.

అందుకే ఏడాది పొడవునా పోరి కొత్త పిస్తోలు తెప్పించుకున్నాడు. గుండు ఉండదు, మందు మాత్రమే ఉంటుంది. చప్పుడు, పొగ తప్ప దానివల్ల ఎవరికీ ఏ హానీ లేదు. అయినా చూడడానికి అసలుదానిలాగే నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. కొత్తది గనక ట్రిగ్గరు బిగువుగా ఉందని వారం రోజులు ఇంట్లో తూటాలు లేకుండా నొక్కుతూ కూర్చున్నాడు. రమాదేవి కుట్టుమిషను నూనెంతా దానికే పోశాడు. ముందురాత్రి అన్నం తింటూ, “రమా, ఈసారి గూడా ఇది పేలకపోతే నేను బతికి ప్రయోజనం లేదు” అన్నాడు.

“మజ్జిగ పోసుకోండి” అంది రమాదేవి.

బండల దగ్గర ఆయన పరీక్ష చూడవలసిన ముచ్చట. మైదానం అవతలి కొసన గడియారాలు పట్టుకుని నిలబడేవాళ్లు చప్పుడు విని కాదు, పొగ చూసి బొత్తాము నొక్కుతారు. పొగ కనబడాలంటే వెనక నల్లగా ఉండాలి. అందుకని ఇంటి నల్ల గొడుగు తెరిచి సీతాఫలం చెట్టుకు తగిలించాడు. నిటారుగా నిలబడి, చెయ్యి ఆకాశానికెత్తి, ఎదురుగా ఎవరూ లేకపోయినా “రెడీ” అన్నాడు. పిస్తోలు ఢామ్మని పేలింది. గొడుగు ముందు తెల్లటి పొగ పువ్వులా విచ్చుకుంది. తూటాలు మార్చి మళ్లీ పేల్చాడు. ఎత్తి పేల్చాడు, దించి పేల్చాడు, ఎడమచేత్తో పేల్చాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. శేషాద్రికి కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనయింది.

బండల అవతల మాణికేశ్వర్ నగర్ కొమురెల్లి బర్రెలు మేస్తున్నాయి. మొదటి చప్పుడుకు తలలెత్తాయి. రెండోదానికి తోకలెత్తాయి. మూడోదానికి గుంపు మొత్తం రైలు పట్టాలు దాటి తార్నాక దారి పట్టింది. కొమురెల్లి బండెక్కి చూశాడు. ఎండలో ఎవరో సారు, చెట్టుకు గొడుగు, చేతిలో పిస్తోలు. అడగడానికి ధైర్యం చాలక బర్రెల వెనక పడ్డాడు.

ఆ బర్రెలు శేషాద్రి పక్కింటి ప్రమీలమ్మ పెరట్లో బచ్చలి పాదు దగ్గర ఆగాయి. ప్రమీలమ్మ కర్ర తీసుకుని బయటికొచ్చింది.

“నీ బర్లకు నా పెరడే దొరికిందా?”

“నా తప్పు కాదమ్మా” అన్నాడు కొమురెల్లి రొప్పుతూ. “గాడ బండల్ల ఎవరో సారు. కండ్లద్దాలున్నయి, నల్ల గొడుగున్నది. పిస్తోలు వట్టుకోని ఒక్కడే పేల్చుకుంటున్నడు. గా చప్పుడుకు బెదిరి ఉరికొచ్చినయి.”

ఒంటరి మనిషి తన మానాన తాను పేల్చుకుంటున్నాడని కొమురెల్లి భావం. ప్రమీలమ్మకు అర్థమైంది అది కాదు. ఆమె కర్ర కింద పారేసి గోడ దగ్గరికి పరిగెత్తింది.

“రమాదేవక్కా, మీ సారు గొడుగు తీస్కపోయిండా?”

“తీసుకపోయినాడు.”

“కండ్లద్దాలు?”

“కండ్లకే ఉంటాయి గదా. ఎందుకబ్బా?”

“ఏం లేదు. నువ్వు జర కూసో అక్కా.”

రమాదేవి కూర్చోలేదు. ప్రమీలమ్మ మొహం వైపు ఒక్క క్షణం చూసింది. పిస్తోలు సంగతి గుర్తొచ్చింది. అది ఉత్త చప్పుడేనని భర్త ఎన్నోసార్లు చెప్పాడు గాని, ఆ నల్లటి వస్తువును చూసినప్పుడల్లా ఆయన తనను భయపెట్టకూడదనే అలా చెబుతున్నాడేమోనని ఆమెకు అనుమానం. బతికి ప్రయోజనం లేదన్న రాత్రి మాట గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి పొయ్యి మీది పప్పు దించింది. “తలుపు దగ్గరికెయ్యి” అని ప్రమీలమ్మకు చెప్పి, కొంగు నడుముకు బిగించి, చెప్పులు చేతిలో పట్టుకుని బండల వైపు పరుగు మొదలుపెట్టింది.

ప్రమీలమ్మ మొగుడు రాజలింగం సైకిల్ తీసుకుని వెనకాలే బయల్దేరాడు. దారిలో సబ్ ఇన్‌స్పెక్టర్ ఉమాపతి జీపు ఎదురైతే ఆపి సంగతి చెప్పాడు. రాజలింగం చెప్పిన కథలో సారు పేల్చుకోవడం పూర్తయిపోయింది, శవం దగ్గరికి మనుషులు వెళ్లడమే మిగిలింది. ఆ మాట చెవినపడ్డ నలుగురూ జీపు వెనక నడిచారు. ఆ నలుగురికీ ఇంకో పదిమంది తోడయ్యారు.

ఇవేమీ ఎరగని శేషాద్రి బండమీద బోర్లా పడుకుని ఉన్నాడు. మారుస్తుండగా ఒక తూటా జారి రాతి పగులులో పడింది. ప్రభుత్వ సొమ్ము గదా అని చెయ్యి లోపలికి దూర్చి వెతుకుతున్నాడు. దూరంనుంచి రమాదేవికి ముందు గొడుగు కనిపించింది, తరవాత పడిపోయిన సైకిల్, ఆ తరవాత రెండు పాదాలు. ఆమె వచ్చి, చెప్పులు పక్కన పడేసి, ఆ పాదాలను రెండు చేతులతో పట్టుకుంది.

“ఎవరది, వదలండి. దొరికేట్టుంది” అన్నాడు శేషాద్రి.

రమాదేవి చేతులు తీసేసింది. ఆయన లేచి, మోచేతులు దులుపుకుని, ఎదురుగా నిలబడ్డ భార్యను చూసి నొచ్చుకున్నాడు.

“చింతపండు కోసం ఇంత దూరం వచ్చినావా? పోయేటప్పుడు తెచ్చేవాణ్ణి గదా.”

రమాదేవి బండమీద కూలబడి ఊపిరి తీసుకుంటూ ఆయన వైపు చూసింది. తిడుతుందో ఏడుస్తుందో ఆయనకు అంతుపట్టలేదు. ఆమె రెండూ చెయ్యకముందే జీపు వచ్చింది.

ఉమాపతి కిందికి దిగి, బతికున్న మనిషిని చూసి కాస్త నిరాశపడి, వెంటనే సర్దుకున్నాడు.

“ఏంది మాస్టారూ, క్యాంపస్‌ల పిస్తోలేంది? లైసెన్స్ ఉన్నదా?”

“ఇది పందేల పిస్తోలండీ. ఉత్త చప్పుడే. చూపిస్తాను.”

శేషాద్రి తూటాలు నింపుకుని నిటారుగా నిలబడ్డాడు. గుంపు వెనక్కి జరిగింది. ఆయన చెయ్యెత్తి “రెడీ” అన్నాడు.

‘టిక్.’

మళ్లీ నొక్కాడు. ‘టిక్.’ గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. శేషాద్రి చెవులు ఎర్రబడ్డాయి.

“చప్పుడైతే పందేలది. చప్పుడు కాలేదంటే అసలుది ఖరాబైనట్టు” అన్నాడు ఉమాపతి. “జీపెక్కుండ్రి. ఠాణాల మాట్లాడుకుందాం.”

కిందటేడైతే శేషాద్రి అక్కడికక్కడే తల దించుకునేవాడు. కాని వారం రోజులు ఆ పిస్తోలుతో కాపురం చేసిన మనిషి ఆయన. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తూటాల చక్రం తిప్పి విన్నాడు. లోపలెక్కడో గరగరమంది.

“ఒక్క నిమిషం ఆగండి. జబ్బు తెలిసింది. మసి పట్టింది” అని భార్య వైపు తిరిగాడు. “రమా, పిన్నీసు.”

రమాదేవి గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన బండమీద రుమాలు పరిచి, పిస్తోలు విప్పి, పురుటి బిడ్డ చెవులు శుభ్రం చేస్తున్నంత నెమ్మదిగా మసి గీకాడు. గుంపు మెల్లగా ముందుకు జరిగింది. ఉమాపతి కూడా మోకాళ్లమీద చేతులానించి వంగాడు. నవ్వినవాడు నవ్వడం మానేశాడు. సరిగ్గా అప్పుడే కొమురెల్లి బర్రెలన్నిటినీ కూడగట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ గుంపు పక్కకు చేరాడు.

శేషాద్రి మళ్లీ తూటాలు నింపి, లేచి చెయ్యెత్తాడు.

ఢామ్మన్న చప్పుడుకు ఉమాపతి టోపీ కింద పడింది. బర్రెలు రెండోసారి తార్నాక వైపు బయల్దేరాయి. పొగ విడిపోయాక కొమురెల్లి ఒక్కడే మాట్లాడాడు.

“సారూ, మీ పిస్తోలు మంచిగున్నది. మల్ల పరీక్ష జెయ్యకుండ్రి.”

ఉమాపతి టోపీ దులిపి పెట్టుకుని, “మాస్టారూ, ఇంత ఓపిక మా ఠాణాల ఒక్కనికి లేదు” అని చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. రాజలింగం మాత్రం సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

“సార్, నేను సైకిల్ మీదున్న. బలంగ తొక్కిన. అక్క నాకు అందలేదు. మధ్యల జీపు ఆపి ఎక్కిచ్చుకుందామని చూస్తే గప్పటికే పట్టాలు దాటింది.”

శేషాద్రి భార్య పాదాల వైపు చూశాడు. ముళ్లు గీరుకుని రెండు చోట్ల నెత్తురు వచ్చింది. చెప్పులింకా పక్కనే పడి ఉన్నాయి. పదిహేనేళ్లుగా పరుగెత్తేవాళ్లను చూడడమే ఆయన ఉద్యోగం. అటువంటి పరుగు తనకోసం ఒకరు పరిగెత్తగలరని ఎన్నడూ తోచలేదు. పిస్తోలును రుమాల్లో చుట్టి సంచిలో వేశాడు. సైకిల్ ఎక్కమన్నా ఆమె ఎక్కకపోతే, పక్కనే నడిపించుకుంటూ తార్నాక దాకా వచ్చాడు. దారిలో ఒకసారి, “చిన్నప్పుడు స్కూల్లో ఏమైనా పరిగెత్తినావా?” అని మెల్లగా అడిగాడు.

“అంగడి దాటిపోతాండాము. చింతపండు” అంది రమాదేవి.

పందేల రోజు పిస్తోలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా మొరాయించలేదు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ‘టిక్’ అన్నవాళ్లే వచ్చి దాన్ని చేత్తో తాకి చూశారు. శేషాద్రి మనసు మాత్రం చివరి పందెం మీదే ఉంది. అది లెక్చరర్ల భార్యలకు పెట్టిన పరుగు. అడిగితే ఒప్పుకోదని, చెప్పకుండానే రమాదేవి పేరు ఇచ్చేశాడు. గడియారాలు పట్టుకున్నవాళ్ల దగ్గరికి పోయి, “మూడో వరసలో ఆమెను జాగ్రత్తగా చూడండి. రెప్ప వేస్తే అయిపోతుంది” అని గుసగుసలాడాడు కూడా. రమాదేవి మొహమాటానికి గీత దగ్గర నిలబడింది.

ఆయన గర్వంగా చెయ్యెత్తి “రెడీ” అన్నాడు. పిస్తోలు ఆ రోజుకల్లా దివ్యంగా పేలింది. ఆడవాళ్లందరూ కిలకిలా నవ్వుకుంటూ పరిగెత్తారు. రమాదేవి కొంగు సర్దుకుని, పరిచయస్తులను పలకరిస్తూ, నడుచుకుంటూ వెళ్లింది. ఆమె చేరేసరికి రిబ్బను చుట్టి లోపల పెట్టేశారు.

శేషాద్రి పిస్తోలుతోనే ఆమె దగ్గరికి పరిగెత్తాడు. “ఏం రమా, చప్పుడు వినపడలేదా?”

“బాగానే వినపడింది. ఎదురుగా మీరు నిక్షేపంగా నిలబడుకోని ఉండారు గదా, ఇంగ పరిగెత్తేదెందుకు?”