రొప్పినవారికే ఎర్రబొట్టు

మాఘ బహుళ పంచమి, శుక్రవారం, పొద్దు బారెడెక్కిన వేళ, కొండల నడుమనున్న ఒక పెద్ద అడవిలో సింహరాజుగారు ఒక కుందేలును తరిమి, పట్టుకోలేక, మడుగు గట్టున చతికిలబడ్డారు.

చతికిలబడితే పరవాలేదు. రాజులన్నాక కూర్చుంటారు. కానీ ఆయన రొప్పారు. నాలుక బయటపెట్టి, డొక్కలు ఎగరేస్తూ, నీళ్ళు తాగుతున్న జంతువులన్నీ తలలెత్తి చూసేంతగా రొప్పారు.

పక్కనే మంత్రి నక్క తందానయ్య ఉన్నాడు. రాజుగారికి ఎక్కడ దురద పుడుతుందో ఆయనకంటే ముందే తెలిసినవాడు.

"ఏమిటలా చూస్తారు?" అన్నాడు జంతువుల వైపు తిరిగి. "ఆరోగ్యవంతుల లక్షణం అది. లోపలి చెడుగాలంతా బయటికి పోతోంది. మీలో ఒక్కరైనా అంత బాగా రొప్పగలరా?"

రొప్పగలమని ఎవరూ అనలేదు.

"మరి ఆ కుందేలు తప్పించుకుపోయిందిగా?" అంది అడవిపంది. దానికి నోరు ఊరుకోదు.

"తప్పించుకోవడమేమిటి? ఆయన చెంగయ్యగారు. ప్రభువులకు పరుగు నేర్పడానికి వచ్చిన గురువుగారు."

పొదలో నక్కి వింటున్న కుందేలు, ఆహారం కావడమా ఆచార్యుడు కావడమా అని ఒక్క క్షణం ఆలోచించుకుని, మీసాలు సవరించుకుంటూ బయటికి వచ్చాడు.

నిజానికి ఆ అడవిలో రొప్పని వాళ్ళు తక్కువే. ఒకప్పుడు ప్రతి వేసవిలోనూ మడుగు ఎండగానే అందరూ కనుమ ఎక్కి అవతలి ఏటికి పోయేవారు. తరువాత కొన్నేళ్ళు వానలు దండిగా పడ్డాయి. కనుమ మొహం చూసిన వాళ్ళు లేరు. దానికి తోడు అడవి అంచున, స్వామి కొండకు వచ్చే యాత్రికుల సత్రం ఒకటి వెలిసింది. మిగిలిన పులిహోర, చక్రపొంగలి గంపలకొద్దీ బయట పారబోసేవారు. దేవుడి ప్రసాదం కాదనకూడదని అందరూ తిన్నారు. భక్తి మరీ ముదిరిన వాళ్ళు మూడు పూటలా తిన్నారు. జింకలకు కూడా పొట్టలు వచ్చాయి. రాజుగారు పులిహోర ముట్టరు. పులిహోర తిన్నవాళ్ళను తిని ఆయనా బలిశారు.

ఆ యేడు వానలు లేవు. మాఘం నాటికే మడుగు సగానికి దిగింది. చైత్రం వెళ్ళేలోగా కనుమ ఎక్కాలి. ఎక్కలేనివాళ్ళు ఎండిన మడుగు దగ్గరే ఉండిపోవాలి.

ఆ రోజు సాయంత్రం తందానయ్య చాటింపు వేశాడు. "రేపటి నుంచి అందరూ పరుగెత్తాలి. నడక సోమరుల పని. రోజూ పొద్దున్నే నేను వచ్చి చూస్తాను. రొప్పినవారి నుదుట ఎర్రమట్టి బొట్టు పెడతాను. కనుమ ఎక్కేనాడు బొట్టున్నవారే బయలుదేరాలి. లేనివారు ఇక్కడే ఉండాలి. దారిలో వాళ్ళను మోసే ఓపిక ప్రభువులకు లేదు."

మర్నాడు చెంగయ్య పాఠం మొదలైంది.

"ఇందులో నేర్చుకునేదేముంది? నేను కళ్ళు తెరిచిననాటి నుంచీ పరుగెత్తుతున్నాను. కాళ్ళున్నాయిగా, ఎగరండి."

"అలవాటు లేని ఒళ్ళు కదండీ. ముందు కొన్నాళ్ళు నడిచి, తరువాత..." అంది ముళ్ళపంది.

"నడకా? నువ్వేం, తీర్థయాత్రకు వచ్చావా?"

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో జింకకు సాయంత్రానికే మడమ వాచింది. అడవిదున్న మోకాళ్ళు పట్టేసి పడకేసింది. అయినా బొట్టుకు లోటు రాలేదు. తందానయ్య వచ్చే వేళకు పొద చాటు నుంచి లేచి నాలుగు గంతులు వేసి, నాలుక వేలాడేస్తే చాలునని అందరూ కనిపెట్టేశారు. తందానయ్యకూ ఆ సంగతి తెలుసు. ఆయన చూసేది రొప్పునే గాని పరుగును కాదు.

ఈ విద్యలో అందరినీ మించినవాడు ఎలుగుబంటి జాంబయ్య. ఆయనకు గంతులు కూడా అక్కర్లేదు. లేచి నిలబడితే చాలు, గుహలో గబ్బిలాలు లేచిపోయేంత రొప్పు. అది విని రాజుగారే ముచ్చటపడ్డారు. నిండు సభలో 'రొప్పు శిరోమణి' అని బిరుదిచ్చి, మోదుగుపూల దండ వేయించారు.

"మావాడు పుట్టినప్పుడే రొప్పాడు," అంది ఆయన తల్లి భల్లమ్మ, వచ్చిన వాళ్ళందరితోనూ.

"లేచి నిలబడితే రొప్పు వస్తోంది. దానికి బిరుదేమిటత్తయ్యా?" అంది కోడలు జుంటమ్మ మెల్లగా.

"నీకు కుళ్ళు," అంది అత్తగారు.

జుంటమ్మకు కుళ్ళు కాదు, భయం. వాళ్ళ పుట్టింట ఇప్పమ్మ అని ఒక చిన్న నాయనమ్మ ఉండేది. ఒక కరువు యేడు, ఒళ్ళు సహకరించక, కనుమ మొదటి మలుపులో ఒక రాతి మీద కూర్చుండిపోయింది. ఇంటివాళ్ళు కాసేపు ఆగారు. తరువాత పిల్లల దాహం చూడలేక ముందుకు సాగారు. తిరిగి వచ్చేసరికి రాయి మాత్రమే ఉంది. ఆ ఇంటివాళ్ళు అటు పోయినప్పుడల్లా ఆ రాతి మీద ఒక ఇప్పపువ్వు పెట్టి పోతారు. భర్త రొప్పు విన్నప్పుడల్లా జుంటమ్మకు ఆ రాయే కనబడేది.

తను మాత్రం రోజూ తెల్లవారకముందే స్వామి కొండ చుట్టూ నామం చెప్పుకుంటూ తిరిగి వచ్చేది. అది వాళ్ళ సొంత నాయనమ్మ నేర్పిన పద్ధతి. "నామం తెగకుండా ఎంత నడిస్తే అంతే నీ నడక. తెగితే అడుగు తగ్గించు. అది సులువయ్యాక ఇంకాస్త దూరం పో," అనేది ఆ ముసలమ్మ.

ఒకనాడు తందానయ్య ఎదురుపడ్డాడు. "ఏమమ్మా, నోరు ఆడుతోందే?"

"స్వామి పేరు చెప్పుకుంటున్నానండీ."

"పేరు చెప్పేంత ఊపిరి మిగిలిందంటే ఒళ్ళు వంచలేదన్నమాట. నీకు బొట్టు లేదు."

జుంటమ్మ నమస్కారం చేసి నడిచిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చి భర్త పక్కన కూర్చుంది. "ఏమండీ, ఆ బిరుదిచ్చిన సభ సంగతి నాకు సరిగా చెప్పనేలేదు. కొండ దాకా వస్తూ చెప్పకూడదూ?"

జాంబయ్యకు నడక అంటే చిరాకు గాని, సభ సంగతి అంటే ప్రాణం. లేచాడు. రొప్పాడు. బయలుదేరాడు. "ముందు రాజుగారు లేచి... నా వైపు... చూసి..."

"వినబడలేదండీ. కాస్త మెల్లగా నడిచి చెప్పండి."

మెల్లగా నడిచి చెప్పాడు. మొదటిరోజు రాజుగారు లేచేసరికే వెనక్కి రావలసి వచ్చింది. కొన్నాళ్ళకు తందానయ్య ఉపన్యాసం దాకా వచ్చాడు. ఆ పైన మోదుగుపూల దండ దాకా వచ్చాడు. దూరం పెరిగేకొద్దీ సభ కూడా పెరిగింది. అసలు సభకు రాని ఏనుగులు వచ్చి చప్పట్లు కొట్టాయి. జుంటమ్మ కాదనలేదు. మాట తెగినప్పుడల్లా "వినబడలేదండీ" అని అడుగు తగ్గించింది, అంతే. గుహలో ఒక్కతే కూర్చోలేక భల్లమ్మ కూడా వెంట వచ్చింది. దారి పొడవునా కోడలి మీద సాధింపులు చెప్పేది. ఆవిడకూ అది బాగానే పనిచేసింది.

చైత్రం వచ్చేసరికి జాంబయ్య కొండ మొత్తం తిరిగి వచ్చి, సభ సంగతి ముగించి, ఇంకేమైనా ఉంటే బాగుండునన్నట్టు చూశాడు.

చిక్కు అప్పుడొచ్చింది. ఉగాది సభలో రాజుగారు సరదాగా, "ఏదీ శిరోమణీ, ఒకసారి రొప్పు," అన్నారు.

జాంబయ్య లేచి నిలబడ్డాడు. రొప్పు రాలేదు. నాలుగు గంతులు వేశాడు. రాలేదు. పైగా, "క్షమించాలి ప్రభూ, ఎందుకో ఇవాళ రావడం లేదు," అని ఒక్క ఊపిరిలో అనేశాడు.

"చూశారా ప్రభూ, ఎంత తేలిగ్గా మాట్లాడుతున్నాడో," అన్నాడు తందానయ్య. "ఆరోగ్యం పూర్తిగా పోయింది."

బిరుదు తీసేశారు. బొట్టు చెరిపేశారు. దండ ఎప్పుడో వాడిపోయింది గనుక దాన్ని వదిలేశారు.

జాంబయ్య ఇంటికి వచ్చి భార్య మీద మండిపడ్డాడు. "బంగారంలాంటి రొప్పు. నడిపించి నడిపించి పోగొట్టావు. ఇప్పుడు మనల్ని కనుమ ఎక్కనివ్వరు. సంతోషమేనా?"

"వంశంలో లేని ముచ్చట," అని భల్లమ్మ ముక్కు చీదింది.

జుంటమ్మ ఆ రాత్రి స్వామిని ఒక్కటే అడిగింది, మా ఇంటివాళ్ళకు కనుమలో రెండో రాయి వద్దు తండ్రీ అని.

చైత్ర బహుళ దశమినాడు మడుగులో బురద తేలింది. తెల్లవారుతూనే బొట్టున్న వాళ్ళంతా కనుమ కింద నిలబడ్డారు. పరుగెత్తే ఎక్కాలని ఆజ్ఞ. చెంగయ్య ముందు, రాజుగారు వెనక, ఆ వెనక తక్కినవారు. దుమ్ము లేచింది. అరుపులు లేచాయి.

బొట్టులేని ఎలుగుబంట్లు దూరంగా కూర్చుని చూశాయి. దుమ్ము అణిగేదాకా ఆగి జుంటమ్మ లేచింది.

"ఎక్కడికే? బొట్టు లేదుగా," అన్నాడు జాంబయ్య.

"అడ్డుకునేవాళ్ళు అడ్డుకుంటే చూద్దాం. ఆ సభకు ఏనుగులు ఎన్ని వచ్చాయన్నారు?"

జాంబయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ముగ్గురూ నడిచారు.

మొదటి మలుపు తిరిగేసరికి అడవి అంతా అక్కడే ఉంది. జింక మడమ పట్టుకుని ఉంది. అడవిపంది వెల్లకిలా పడి ఉంది, మొదటిసారి దానికి నోట మాట లేదు. ఎక్కడో శిఖరం మీద నుంచి చెంగయ్య గొంతు వినబడుతోంది, "ఇంకొక్క పరుగు, అంతే. ఇందులో ఏముంది?" అని. తందానయ్య దారికి అడ్డంగా పడుకుని ఉన్నాడు.

"బొట్టు... లేకుండా... ఎక్కడికి?"

"పైకండీ," అంది జుంటమ్మ, ఆయన తోక తొక్కకుండా దాటుతూ.

రాజుగారు ఇప్పమ్మ రాయికి ఆనుకుని కూలబడి ఉన్నారు. వెనక తొడ నరం పట్టేసింది. నుదుటి బొట్టు చెమటకు ముక్కు మీదికి కారింది. జుంటమ్మ వంగి దణ్ణం పెట్టి, "కాస్త జరుగుతారా ప్రభూ," అంది. ఆయన జరిగారు. వెంట తెచ్చిన ఇప్పపువ్వు రాతి మీద పెట్టి, కళ్ళకద్దుకుంది. వెనక్కి తిరిగి చూస్తే భర్త నిలబడే ఉన్నాడు. కూర్చోలేదు. ఏనుగుల లెక్కలో ఎక్కడ ఆపాడో గుర్తు చేసుకుంటున్నాడు.

"మీరు... ఎలా... ఎక్కుతున్నారు?" అన్నారు రాజుగారు.

"నడిచి, ప్రభూ. ఊపిరి తీసుకుని, మాట్లాడుకుంటూ మెల్లగా రండి. అలిసినచోట ఆగి రండి. ఏరు ఎక్కడికీ పోదు."

పదవిలో ఉన్నవాళ్ళకు దాహం వేస్తే బుద్ధి వస్తుందని కాదు. వేరే దారి లేక లేచారు. కుంటుతూ, ఆగుతూ, కబుర్లు చెప్పుకుంటూ సాయంత్రానికి అందరూ ఏరు చేరారు. ఎవరూ రొప్పలేదు.

కడుపునిండా నీళ్ళు తాగగానే తందానయ్యకు గొంతు వచ్చింది. రాయెక్కి చాటాడు. "ఇవాళ మనం చేసింది నడక అనుకుంటున్నారేమో. కాదు. అది ప్రభువులు దారిలో కనిపెట్టిన నిదానపు పరుగు. ఇక మీదట రొప్పినవారికి శిక్ష. ఈ విద్యకు జాంబయ్యగారిని మహాచార్యులుగా నియమించాం. రోజూ ఉపన్యాసం ఆయనదే."

జాంబయ్య నమస్కరిస్తూ లేచాడు. భల్లమ్మ కళ్ళు తుడుచుకుంది. నడిపించిందెవరో చెప్పమని జుంటమ్మను ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మర్నాడు తెల్లవారకముందే జుంటమ్మ స్నానం చేసి ఏటి గట్టున నిలబడి పిలిచింది. "రండి, పోదాం."

"నేనెక్కడ వచ్చేది? ఉపన్యాసం తయారు చేసుకోవద్దూ?" అన్నాడు జాంబయ్య, చెట్టు మొదలుకు వీపు ఆనించి, కొత్త దండ మెడలో సర్దుకుంటూ.

భల్లమ్మ కొడుకు వైపు కాసేపు చూసింది. తరువాత కోడలి వైపు చూసింది. సణుగుతూనే లేచి కోడలి వెంట నడిచింది. మహాచార్యులవారు వాళ్ళను దూరం దాకా చూసి, నడక వల్ల కలిగే లాభాల గురించి ఆలోచిస్తూ నిద్రపోయారు.

కనుక, ఒళ్ళు బాగుపడాలనుకునేవారు నడవండి, బిరుదు కావాలనుకునేవారు కూర్చోండి.