బియ్యప్పిండిలో అడుగుజాడలు

"మాస్టారూ, జగ్గయ్యపేటలో నేరం చెయ్యాలంటే రెండు దాటాలి. ఒకటి పోలీసు స్టేషను, రెండు నేను. స్టేషను దాటినోళ్లు చాలామంది ఉన్నారు. నన్ను దాటినోడు ఇంకా పుట్టలేదు."

ఈ ప్రకటన చేసేటప్పుడు మా పక్కింటి ఉమాకాంతం నా కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఒక కాలికి చెప్పు లేదు. దాన్ని వీధి కుక్క నోట కరుచుకుపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మహామేధావి మాటకి అడ్డు రావడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఉమాకాంతం సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తా. పగలు సిమెంటు, సాయంత్రం సస్పెన్సు. పోయినేడాది మా వీధిలో పాల ప్యాకెట్లు మాయమవుతున్నాయని ముగ్గురిని అనుమానించి, ఇద్దరిని వెంబడించి, ఒకాయన చేతిలో దెబ్బలు తిన్నాడు. పాలవాడు అసలు ప్యాకెట్లు వెయ్యడమే మానేశాడని చివరికి తేలింది. "బలమైన మోటివ్ ఉన్నవాణ్ణే అనుమానించకుండా వదిలేసా" అని మాత్రం ఒప్పుకున్నాడు.

నా పేరు సొలొమోను. నందిగామ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ నా పాత కారులోనే వెళ్లొస్తాను. ఆ కారు సోమవారం పొద్దున స్టార్టు కాలేదు. మెకానిక్ వచ్చి బానెట్టు ఎత్తి, తెగిన వైరు అతికించి, మీకెవరితోనైనా పడదా అని అడిగి వెళ్లిపోయాడు. బుధవారం పొద్దున మళ్లీ అదే కథ. ఈసారి వైపరుకి నీళ్లు పోసే గొట్టం కూడా తెగింది.

మామూలు వారమైతే బస్సెక్కేవాణ్ణి. కానీ శనివారం మా బావమరిది బెన్ని ప్రధానం. అమ్మాయి పేరు కృపాజ్యోతి, నందిగామలో విత్తనాల షాపులో లెక్కలు చూస్తుంది. ఉంగరం తొడిగే కార్యక్రమం అక్కడి చర్చి హాల్లోనే. బెన్నిది చందర్లపాడు. బట్టలు కొనడానికని వాళ్లమ్మ ఆదెమ్మతో కలిసి మా ఇంట్లో దిగాడు. చీర, ఉంగరం, పళ్ల పళ్లాలతో మేం బస్సు దిగితే తన పుట్టింటి పరువేం కావాలని నా భార్య జయమణి ముందే తేల్చేసింది. అద్దెకి తీసుకుందామంటే పెళ్లిళ్ల రోజులు, ఊళ్లో ఒక్క కారూ ఖాళీ లేదు.

అసలు చిక్కు కారు కూడా కాదు. బెన్ని డ్రోనుతో చేలకి మందు కొడతాడు. చక్కటి పని, చక్కటి మనిషి, నోట్లో మాట మాత్రం ఉండదు. పెళ్లిచూపుల్లో కృపాజ్యోతి ఏం అడిగినా ఫ్యాను వంక చూశాడట. దాంతో ఆ అమ్మాయి మధ్యవర్తితో కబురు పంపింది. శనివారం ఉంగరానికి ముందు అబ్బాయి నోటి నుంచి ఒక్క సొంత మాట వినాలి, వినకపోతే చెయ్యి చాపనంది. పాస్టరు గారు మధ్యాహ్నానికల్లా మైలవరంలో ప్రార్థన కూటానికి వెళ్లాలి. మేం ఆలస్యమైతే ఆ ఒక్క మాటకీ టైముండదు. బెన్ని రెండు రోజులుగా అద్దం ముందు నిలబడి పెదాలు కదుపుతున్నాడు. అద్దానికి కూడా ఏమీ వినపడలేదు.

ఇదంతా విన్నాక ఉమాకాంతం కారు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహం మీద ఆయిలు మరకలు, వాటి మధ్య మెరిసే కళ్లు.

"ఇది వైరు కోత కాదు మాస్టారూ. పెళ్లి కోత. ఈ ప్రధానం జరక్కూడదని ఎవరో కంకణం కట్టుకున్నారు."

"ఎలకేమోనండి" అన్నాను.

ఆయన జాలిగా చూశాడు. "ఎలక అనేది నేరస్థుడు మనకి చూపించాలనుకున్న నిందితుడు. మీరు పడిపోయారు. నేను పడను."

ఆ సాయంత్రమే వల పన్నాడు. కారు చుట్టూ పిండి చల్లితే నేరస్థుడి అడుగుజాడలు అచ్చు పడతాయట. ముగ్గుపిండి చాలదా అంటే, బజార్లో దొరికేది రాతిపొడి, గరుకు, దాంట్లో పాదం గీతలు తేలవన్నాడు. నికార్సైన బియ్యప్పిండే కావాలి. ఆయన భార్య వసుమతి గారు జంతికలకని మర పట్టించి డబ్బాలో పోసుకున్న పిండి మొత్తం మా వాకిట్లో తెల్లగా పరుచుకుంది. ఇంజను మీద కూడా కాస్త చల్లాడు. చేతిముద్రలు కూడా పడాలట.

తెల్లారి చూస్తే పిండి లేదు. నేల నాకేసినట్టు నున్నగా ఉంది.

"చూసారా?" ఉమాకాంతం గొంతు తగ్గించాడు. "ఆధారాలు తుడిచేసాడు. చీపురు గీతైనా లేదు. మనం ఢీకొంటోంది మామూలోడితో కాదు."

గురువారం సాయంత్రం పిండి రెట్టింపైంది. కారులోపల కాళ్ల దగ్గర కూడా చల్లాడు. శుక్రవారం పొద్దుటికి పిండి మొత్తం పోయింది, వైర్లు మరికొన్ని తెగాయి, వెనక సీటు స్పాంజి బయటికొచ్చింది. మెకానిక్ ఈసారి నన్ను అనుమానంగా చూసి, అన్నీ టేపు చుట్టి అతికించాడు. ఉమాకాంతం దర్యాప్తు పెరిగేకొద్దీ నేరమూ పెరుగుతోందని లెక్కల మాస్టారుగా నేను గమనించాను. చెబితే వినేదెవరు?

జయమణి మాత్రం ఊరుకోలేదు. మధ్యాహ్నం బజారుకి వెళ్లి ఎలకల బోను తెచ్చి, ఎండుచేప ముక్క గుచ్చి కారు కింద పెట్టింది. సాయంత్రం కాకుండానే బోను టక్కుమంది. పరుగెత్తుకెళ్లి చూస్తే అందులో ఉన్నది ఉమాకాంతం వేలు. అనుమానాస్పద వస్తువుని పరీక్షిస్తున్నాడట. కట్టు కట్టించుకుని వచ్చాక, తన మీద హత్యాయత్నం జరిగిందని, అంటే తను నిజానికి చాలా దగ్గరగా వచ్చేశాడని వీధంతా చెప్పాడు.

ఆ గొడవలోనే ఆయనకి అసలు ఆధారం దొరికింది. సీటు కింద నల్లగా, సన్నగా, గింజల్లాంటివి గుప్పెడు. వాటిని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో వేశాడు. వాసన చూశాడు. కొరకబోయి, ఎందుకో ఆగాడు. ఆ ఒక్క క్షణంలో మాత్రం దేవుడు ఆయన పక్షాన ఉన్నాడు.

"విత్తనాలు మాస్టారూ" అన్నాడు నా చెవిలో. "మనకి తెలిసినోళ్లలో విత్తనాల షాపులో పనిచేసేదెవరు?"

నేను ఆయన్ని పక్కకి లాగాను. "ఆ అమ్మాయి మీద ఒక్క మాట అన్నారంటే నేను ఇంటికి వెళ్లలేనండి. మా ఆవిడ బోను ఇంకా అక్కడే ఉంది."

నోరు విప్పనని వసుమతి గారి మీద ఒట్టేశాడు. తను రాకపోతే దారిలో పెళ్లికొడుకు ప్రాణాలకి పూచీ లేదన్నాడు. ఆదెమ్మ అది విని హడలిపోయి, ఆయన్ని తీసుకెళ్లాల్సిందేనని పట్టుబట్టింది.

శనివారం పొద్దున కారు ఒక్క దెబ్బకి స్టార్టయింది. నేను స్తోత్రం చెప్పుకున్నాను. ఉమాకాంతం ముందు సీట్లో కూర్చుని, ఎప్పుడూ భుజానికుండే గుడ్డసంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. అందులో భూతద్దం, గింజల కవరు, హాల్లో అవసరమైతే చల్లడానికి మిగిలిన బియ్యప్పిండి పొట్లం ఉన్నాయి. వెనక పళ్లాలు ఒళ్లో పెట్టుకుని ఆదెమ్మ, జయమణి. మధ్యలో కొత్త చొక్కా వేసుకుని చెమటలు కక్కుతూ బెన్ని.

చిల్లకల్లు టోల్ గేటు దాటాక హారను దానంతట అదే మోగడం మొదలెట్టింది. స్టీరింగు కొట్టాను, గుద్దాను, బతిమాలాను. ఆగలేదు. టేపు కింద ఏ రెండు వైర్లు కలిశాయో ఆ దేవుడికే ఎరుక. ఎవరో ప్రాణం మీదికొచ్చి ఆసుపత్రికి పోతున్నారనుకుని లారీలు పక్కకి తప్పుకున్నాయి. ఒక పెద్దాయన సైకిలు దిగి దణ్ణం పెట్టాడు. అలా ఆపకుండా అరుచుకుంటూ నందిగామ చర్చి ముందు ఆగేసరికి, మేం అనుకున్నదానికంటే ముందే వచ్చేశాం. నేను బ్యాటరీ వైరు పీకితేగాని అది నోరు ముయ్యలేదు.

హాల్లో అందరూ కూర్చున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, పిల్లలిద్దరూ ఒక మాట మాట్లాడుకోవాలనుకుంటున్నారని నవ్వుతూ చెప్పారు. కృపాజ్యోతి బెన్నికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏదైనా పర్లేదండి. మీకు నిజంగా అనిపించింది ఒక్కటి చెప్పండి."

బెన్ని ఫ్యాను వంక చూశాడు.

జయమణి వెనక నుంచి తమ్ముణ్ణి పొడిచింది. ఆదెమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. అమ్మాయి తండ్రి గొంతు సవరించుకున్నాడు. కృపాజ్యోతి ఒళ్లో ఉన్న చెయ్యి మెల్లగా చీర కొంగు కిందికి వెళ్లిపోతోంది. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు ఉమాకాంతం లేచాడు.

"ఆయన మాట్లాడడు. మాట్లాడితే ప్రాణాలకి ముప్పు. ఎందుకంటే, ఈ ప్రధానం ఆపాలని చూసిన వ్యక్తి ఈ హాల్లోనే ఉన్నారు."

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. గుండీ నా చేతికొచ్చింది, మనిషి రాలేదు. అమ్మాయి తండ్రి లేచి నిలబడ్డాడు. జయమణి నావైపు చూసిన చూపుకి మా పెళ్లయినప్పటినుంచీ ఉన్న మంచిపేరంతా బూడిదైంది.

ఉమాకాంతం కవరు పైకెత్తాడు. "మా మాస్టారి కారులో దొరికిన సాక్ష్యం. అమ్మాయి గారూ, విత్తనాల షాపులో పనిచేస్తారు కదా. ఇవి ఏ విత్తనాలో చూసి చెప్తారా?"

కృపాజ్యోతి కవరు అందుకుని చూసింది. ఆమె మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత ఇంకేదో కనిపించింది. ఈలోగా డిటెక్టివు గారు భూతద్దం కోసం కట్టు కట్టిన చెయ్యి సంచిలో పెట్టాడు.

పెట్టి, అలాగే బిగుసుకుపోయాడు.

చొక్కా చేతి లోపల ఏదో ముంజేతి దగ్గర మొదలై, మోచెయ్యి దాటి, భుజం ఎక్కింది. ఆయన ఒంటికాలి మీద గుండ్రంగా తిరిగాడు. కాలరులోంచి తెల్లటి మొహం ఒకటి బయటికొచ్చింది. మీసాలదాకా బియ్యప్పిండి పూసుకుని, మూడు రోజుల విందుతో బలిసిన ఎలుక. అది హాలంతా ఒకసారి కలయజూసి, పళ్ల పళ్లెంలోకి దూకింది.

తర్వాత వినపడిన కేక అమ్మాయిది కాదు, ఆదెమ్మది కాదు. బెన్నిది. వాడు అప్పటికే కుర్చీ మీద ఉన్నాడు.

"అక్కా, ఎలక. బావా, తలుపు తియ్యి. ఎవరైనా పట్టుకోండయ్యా దాన్ని, నా వైపే చూస్తోంది."

"అబ్బాయి గారూ..." అంది కృపాజ్యోతి.

"నాకు ఎలకంటే చచ్చే భయమండి" బెన్ని నోట మాటలు గట్టు తెగిన కాలవలా వచ్చిపడుతున్నాయి. "చిన్నప్పట్నుంచీ అంతే. చేలో కాలు పెట్టకుండా డ్రోను ఎందుకు ఎగరేస్తున్నాననుకున్నారు? పెళ్లిచూపులప్పుడు మీ అటక మీద ఏదో చప్పుడైంది. అందుకే పైకి చూస్తా కూర్చున్నా. మీరడిగినవన్నీ విన్నా. మీ గొంతు బాగుంది. అది పోయిందా?"

కృపాజ్యోతి నవ్వడం మొదలెట్టింది. చేతిలో కవరు ఊగిపోతోంది. ఆదెమ్మ ఆ కవరు తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, ఇవి ఎలక పెంటికలయ్యా అని ఉమాకాంతానికి తిరిగిచ్చేసింది. ఆయన వాటిని ఒక క్షణం చూసి, ముందు రోజు వాసన చూసిన సంగతి గుర్తొచ్చి కాబోలు, మూతి తుడుచుకున్నాడు. వెంటనే తేరుకున్నాడు కూడా. నేరస్థుణ్ణి ప్రాణాలతో సంచిలో బంధించి హాలుదాకా తెచ్చిన డిటెక్టివు దేశంలో ఇంకొకడు లేడని అమ్మాయి తండ్రికి వివరించసాగాడు.

ఎలుక ఒక ద్రాక్షపండు నోట కరుచుకుని, తలుపు సందులోంచి తీరిగ్గా బయటికి వెళ్లిపోయింది.

"పోయిందండి. దిగండి" అంది కృపాజ్యోతి.

"నిజంగా?"

"నేను చూసా. ఇంకా దేనికైనా భయమా మీకు?"

బెన్ని ఆలోచించాడు. "మా అక్కకి. కాస్త మీకు కూడా."

"ఇది చాలు." ఆమె కొంగు కింద నుంచి చెయ్యి తీసి పైకి చాపింది. "మీరు అంత ఎత్తునుంటే నా వేలు ఎట్టా అందుద్ది?"

బెన్ని ఒక కాలు కింద పెట్టి, నేల నాలుగువైపులా వెతికి, రెండోది కూడా దించాడు. ఉంగరం రెండుసార్లు జారిపడినా మూడోసారి వేలికెక్కింది. దీవించండి అయ్యగారూ అంటూ అందరం పాస్టరు గారి కోసం వెతికాం. ఆయన బల్ల మీద నిలబడి ఉన్నారు. పంచె మోకాళ్లదాకా పైకి పట్టుకుని, తలుపు సందు మీంచి చూపు తిప్పకుండా, అక్కడి నుంచే ప్రార్థన చేశారు.

ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా ఉమాకాంతమే అన్నాడు.