ముందే దిగినవాళ్ళ గది

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎవరికీ చెప్పకుండా పెరిగిపోతోందన్న భయంకరమైన నిజం, పెళ్ళిబట్టల పెట్టె ఒళ్ళో పెట్టుకున్న ఒక టైలరమ్మ వల్ల బయటపడింది.

నేల మీద దూరం అంగుళం కూడా మారలేదు. (అధికారులు కొలిపించారు. ఒకసారి నమ్మకం కుదరక వెనక్కి కూడా కొలిపించారు.) మారింది కాగితం మీది ప్రయాణ సమయం. మొదట్లో ఏడు గంటలన్నారు. తర్వాత ఎనిమిదన్నారు. టైలరమ్మ టికెట్ కొన్నాక, కిందటి వారమే, తొమ్మిది చేశారు. విమానం మాత్రం పాత అలవాటు మానుకోలేక ఏడు గంటల్లోనే చేరుకుంటోంది.

ఆ రోజూ అలాగే చేరింది. అక్కణ్ణించి ఇంకో విమానం ఎక్కితే సాయంత్రానికి చెల్లెలి పెళ్ళికి అందుకోవచ్చు. పెళ్ళికూతురి బట్టలు టైలరమ్మే కుట్టింది. సామాన్లలో వేస్తే నలుగుతాయని చేత్తో పట్టుకొచ్చింది.

తలుపు దగ్గర నిరీక్షణాధికారి ఆపేశాడు. ప్రకటించిన సమయానికంటే ముందు దిగినవారిని ‘చేరినవారు’గా పరిగణించరాదని నిబంధన. అలాంటివాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక గది ఉంది. కుర్చీలకు బెల్టులున్నాయి. మధ్యమధ్య ఒకమ్మాయి వచ్చి నీళ్ళిచ్చి, బయట వాతావరణం అనుకూలంగా ఉందని చెప్పి వెళుతోంది. అద్దాల్లోంచి రెండో విమానం శుభ్రంగా కనిపిస్తోంది. మెట్లు ఇంకా తీయలేదు.

పక్క కుర్చీ పెద్దాయన ఆ గదికి పాత కాపు. భార్య ఫోన్ చేసి దిగారా అని అడిగితే, ఇంకా లేదని నిజాయితీగా చెప్పి, మళ్ళీ కునుకు తీశాడు.

టైలరమ్మకీ ఫోనొచ్చింది. చెల్లెలు.

“ఎక్కడున్నావక్కా?”

“నేల మీదే ఉన్నానే. వీళ్ళు ఒప్పుకోవట్లేదు.”

“నువ్వు రాకపోతే నైటీలోనే పెళ్ళి చేసుకుంటా. ప్రతి ఫొటో కిందా ‘కుట్టినది మా అక్క’ అని రాయిస్తా, చూస్కో.”

టైలరమ్మ లేచి నిరీక్షణాధికారిని నిలదీసింది. ఫిర్యాదు చేసే హక్కు చేరినవారికి మాత్రమే ఉందని ఆయన మర్యాదగా గుర్తుచేశాడు. (మర్యాద విషయంలో ఆ కార్యాలయాన్ని వేలెత్తి చూపలేం.) సరిగ్గా అప్పుడే సమయ పట్టికల ప్రధానాధికారి టీ కప్పుతో అటుగా వచ్చాడు. ఏడు గంటల దారిని తొమ్మిది చేసిన మహానుభావుడెవరని ఆమె ఆయన్నే అడిగింది.

ఆయన అటూ ఇటూ చూసి, ఖాళీ కుర్చీలో కూర్చుని, బెల్టు కూడా పెట్టుకున్నాడు.

“నేనేనమ్మా. ఆలస్యాలు తగ్గించమని పైనుంచి ఒకటే పోరు. పైలట్లని అడిగితే గాలి వల్ల అన్నారు. గాలికి మెమో ఇచ్చే అధికారం నాకు లేదు కదా. నా మాట వినేది టైంటేబుల్ ఒక్కటే. గంట కలిపాను, ఆలస్యాలు పోయాయి. ఇంకో గంట కలిపాను, అవార్డిచ్చారు. ఎవరైనా తిడితే ఆపేద్దామనే అనుకున్నానమ్మా, ఒట్టు. జనం ముందే దిగామని చప్పట్లు కొట్టారు. మీ రెండో విమానమా? అదిగో, లేచింది. కంగారు పడకండి. మా నిబంధనల ప్రకారం, మొదటిది దిగనివాళ్ళకి రెండోది తప్పిపోవడమనేది ఉండదు.”