ఎర్రచొక్కావాడి మూట

ఆ రోజు గురురాజ చేయవలసిన పని ఒక్కటే. తలస్నానం చేసి, చింతామణి బజారులోని తమ కిరాణా అంగట్లో పెద్దమనిషిలా కూర్చోవడం. పిల్లనివ్వబోయే బాగేపల్లి శ్రీరామయ్య వస్తున్నాడు. తాంబూలాలు మార్చుకునే ముందు పిల్ల తండ్రి ఎదురంగట్లో కూర్చుని, కాబోయే అల్లుడి గుణం గురించి నలుగురినీ కదిపి చూడడం వాళ్ళలో మామూలు. ఆ పిల్ల సులోచనను చూసి వచ్చినప్పటి నుంచి గురురాజ కందిపప్పు అడిగినవాళ్ళకు చక్కెర కడుతున్నాడు. ఈ సంబంధం తప్పితే కొడుకు మనిషి కాడని తల్లి కన్యకమ్మ భయం.

"ఈ పొద్దన్నా ఆ పెట్టె తట్టు చూడొద్దు నాయనా," అని చెప్పి కొత్త ఎర్రచొక్కా తొడిగించింది.

పెట్టె అంటే, ఎదురుగా మునికృష్ణప్ప కాఫీ హోటల్లో, వెలుతురు పడకుండా గోనెపట్ట తెర కట్టి పెట్టిన వీడియో గేము. ఎనభైల నాటి చింతామణికి అదొక వింత. నీలం సందెవెలుగులో ఎర్రచొక్కా బుల్లిమనిషి ఒకడు మూట భుజాన వేసుకుని, గోడలు దూకి, వాగు దాటి, ఒక మేడ ముందుకు చేరతాడు. పై కిటికీలో దీపంతో ఒకామె. వీడు చేరగానే కిటికీ చీకటైపోతుంది. దీపం ఆర్పిన ఇంటి ముందు నిలబడడం మర్యాదస్థుల పని కాదు గనక, ఆడేవాళ్ళందరూ వాణ్ణి వెనక్కి తిప్పేసేవారు. ఎవడు వాడు? ఆమెకేం కోపం? పెట్టె ఒక్క మాటా చెప్పదు. చెప్పేదంతా ఊరే.

శ్రీరామయ్య వచ్చి హోటలు బయట బల్ల మీద కూర్చునేసరికి ఆ వాదమే నడుస్తోంది. తెర వెనుక పెట్టె ఉందని పాపం ఆయనకేం తెలుసు!

"ఆ ఎర్రచొక్కావాడు ఒట్టి దొంగప్పా," అంటున్నాడు సాదలి నుంచి పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి వచ్చిన పిళ్ళప్ప. "ఊరికే మూట ఎత్తుకోని గోడలు దూకి ఆయమ్మ మేడింటికాడికి పోతాడా?"

"దొంగ కాదు. వాగు ఆపక్క వానికి ఇంకో సంసారం ఉండాది," అన్నాడు మునికృష్ణప్ప.

శ్రీరామయ్య ఎదురంగట్లోని ఎర్రచొక్కాను చూశాడు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఇది శానా దినాలుగా జరుగుతాండాదా?"

"ఆర్నెల్లు! ఎన్నిసార్లు వాగులో పడి చచ్చినాడో, బుద్ధి రాలేదు. కావాలంటే గురురాజనే అడగండి సామీ," అన్నాడు పిళ్ళప్ప.

శ్రీరామయ్య విసవిసా రోడ్డు దాటాడు. "ఏమప్పా, ఆ మేడింటి ఆడమనిషి కత నిజమేనా?"

గురురాజ ముఖం వెలిగిపోయింది. మామకు కూడా ఈ పిచ్చి ఉందన్నమాట! తల్లి మాట మరిచాడు. "వాళ్ళు చెప్పినట్ల చెడ్డ కత కాదు మామా," అన్నాడు కలలో ఉన్నవాడిలా. "కిటికీలో దీపం కనపడితే చాలు, ఇంగ యాడా నిలవబుద్ధి కాదు. కండ్లు మూసినా ఆ దీపమే."

"ఎవురికోసరమో మూట కూడా అంట?"

"ఆమె కోసరమే కదా మామా!"

శ్రీరామయ్య నేరుగా పోయి బాగేపల్లి బస్సెక్కేశాడు.

సంగతి తెలిసి కన్యకమ్మ నెత్తి బాదుకుంది. "పెట్టెలో బొమ్మ కోసరం బంగారట్లా పిల్లను పోగొట్టుకుంటివి కదరా!" గురురాజకు ఏడుపొక్కటే తక్కువ. పిళ్ళప్పను, మునికృష్ణప్పను సాక్ష్యానికి లాక్కుని తర్వాతి బస్సెక్కాడు. తీరా బాగేపల్లి చేరాక సాక్షులిద్దరూ శ్రీరామయ్య ముందే మళ్ళీ దొంగా, రెండో సంసారమా అని కీచులాటకు దిగారు.

"పెట్టెలో సంసారమా! ఎవురి చెవిలో పూలు పెడతాండారు?" అన్నాడు శ్రీరామయ్య.

"పోయి చూస్తే తెలుస్తాది కదా నాయనా," అంది తలుపు చాటు నుంచి సులోచన.

మరునాడు తండ్రీకూతుళ్ళు గోనెపట్ట తెర వెనుక నిలబడ్డారు. గురురాజ బుల్లిమనిషిని గోడలు దూకించి, వాగు దాటించాడు. కిటికీ చీకటైంది. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పబోయాడు.

"నిలపండి!" అంది సులోచన. "ఆయమ్మ దీపం ఆర్పలేదు. తలుపు తీసేకి దీపం ఎత్తుకోని మెట్లు దిగి వస్తాండాది. ఈయప్పే నిలవకుండా పారిపోతాండాడు."

గురురాజ చెయ్యి తీసేశాడు. నీలం సందెలో బుల్లిమనిషి మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. కాసేపటికి తలుపు సందులో వెలుగు కనిపించింది. తలుపు తెరుచుకుంది. మునికృష్ణప్ప చప్పట్లు కొట్టాడు, పిళ్ళప్ప కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. గురురాజ మాత్రం పెట్టె వైపు చూడడం లేదు, సులోచననే చూస్తున్నాడు.

"అదంతా సరే," అన్నాడు శ్రీరామయ్య పెట్టె మీదికి వంగి. "ఆ మూటలో ఏముండాది?"

"చీర, మామా."

"చీర అంత బరువుంటాదా? శనక్కాయలు!"

తాంబూలాలు ఆ మధ్యాహ్నమే మార్చుకున్నారు. మూట సంగతిలో మాత్రం మామా అల్లుళ్ళకు ఈనాటికీ పడదు.