గోడలో మా ఆయన

ఆదివారం పొద్దున కాఫీ కప్పు కింద పెడుతూ పళ్ళ డాక్టరుగారు ఇంట్లో కంప్యూటర్ నెట్‌వర్క్ పెట్టే పని తన నెత్తిన వేసుకున్నారు. అవసరం నిజమైనదే. ఇంటర్నెట్ డబ్బా ముందు గదిలో ఉంది, ఆయన భార్య కంప్యూటర్ పక్క గదిలో ఉంది. మధ్యలో ఉన్న గోడ మహా మొండిది, సిగ్నల్‌ని గడప దాటనివ్వదు. సెల్‌ఫోన్ సంగతి సరేసరి, మేడ ఎక్కి చెయ్యి పైకి చాపితే తప్ప పలకదు. ఆ మధ్యాహ్నమే పంతులమ్మగారైన ఆ భార్యకి కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ. ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి చెప్పి, ఇన్నాళ్ళకి ఒక పెద్ద బడిలో హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగానికి ఆఖరి వడపోతలో మిగిలింది. ఇది జారిపోతే మళ్ళీ రాదని ఆమె భయం.

“ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామండీ,” అంది.

“రోజూ పళ్ళలో బెజ్జాలు వేసేవాణ్ణి. గోడొక లెక్కా?”

“పళ్ళు వేరు, గోడ వేరు.”

“గోడే నయం. నాలుక అడ్డం పెట్టదు.”

“సరే, కుడి పక్క గోడండీ. మర్చిపోకండి, కుడి!” అని హెచ్చరించి ఆమె బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళింది.

రోగి కుడి అంటే మనకి ఎడమ అని కాలేజీలో నేర్చుకున్నప్పటినుంచీ, ఎవరు కుడి అన్నా డాక్టరుగారు ఎడమకే తిరుగుతారు. అందుకే కారు పంతులమ్మ నడుపుతుంది. ఇల్లు కూడా కొత్తగా మారారు. మంచం, భోజనాల బల్ల తప్ప ఏది ఎటుందో ఆయన ఇంకా పట్టించుకోలేదు. కాబట్టి నిశ్చింతగా ఎడమ గోడకి తిరిగి డ్రిల్లు పెట్టారు. ఆ గోడకి అవతల ఉన్నది పక్కింటి ప్లీడరుగారి ఆఫీసు గది.

బెజ్జం చిటికెన వేలంత ఉంటే చాలు. కానీ చుట్టూ సున్నం పొడిపొడిగా రాలేసరికి డాక్టరుగారిలో వృత్తిధర్మం నిద్రలేచింది. “పుచ్చు ఉన్నంతమేరా తీసెయ్యాలి. లేకపోతే లోపల్లోపలే పాకుతుంది,” అని గోడకి నచ్చజెప్పి, తీస్తూ పోయారు. ఆయనకి తృప్తి కలిగేసరికి అక్కడ బంతి పట్టేంత కన్నం తయారైంది. అవతల ప్లీడరుగారి పుస్తకాల అర అడ్డంగా ఉండడంతో అంతా చీకటిగా కనిపించింది. ఆయన నీలం వైరు ఒక కొసని డబ్బాకి తగిలించి, రెండో కొసని చీకట్లోకి తోశారు.

పక్క గదిలో వైరు అందుకోవడానికి అత్తగారిని నిలబెట్టారు. ఆవిడ అప్పటికే చెల్లెలితో ల్యాండ్‌ఫోన్‌లో లోకం మర్చిపోయి ఉంది.

“అత్తయ్యగారూ, వస్తోందా?” అని కేకేశారు.

“ఆఁ... ఆఁ...” అందావిడ చెల్లెలితో.

“సరిపోయిందా?”

“అయ్యో! ఇంకా? ఇంకా?”

పెద్దావిడ అంతలా అడుగుతుంటే కాదనలేక ఆయన ఇంకా తోశారు.

అవతల ప్లీడరుగారు కేసు కాగితాలు చూసుకుంటున్నారు. రెండు లా పుస్తకాల మధ్యలోంచి నీలం వైరొకటి తల బయటపెట్టి, చూస్తుండగానే పొడుగవుతోంది. ఎదుటి పార్టీవాళ్ళు తన మాటలు వినడానికి మైకు పెడుతున్నారని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. సాక్ష్యం చేజారకూడదని వైరుని రెండు చేతులా పట్టుకుని, గోడకి కాలు తన్నిపెట్టి లాగారు.

“శభాష్ అత్తయ్యగారూ! మీలో ఇంత బలం ఉందనుకోలేదు!” అని డాక్టరుగారు మెచ్చుకునేలోపే డబ్బా బల్ల మీంచి ఎగిరి, పూలకుండీని పడగొట్టి, గోడకి ఠపీమని కొట్టుకుని కింద పడింది. దాని దీపాలన్నీ ఆరిపోయాయి.

“ఏమిటా చప్పుడు? చెల్లి అసలు సంగతి చెప్పబోతుంటేనూ!” అంటూ అత్తగారు బయటికొచ్చింది. ఆవిడ చేతిలో ఫోన్ రిసీవర్ ఉంది గానీ, వైరు లేదు.

“మరి లాగుతున్నదెవరు?” అన్నారు డాక్టరుగారు నీరసంగా.

సమాధానం వీధి తలుపు తోసుకుని వచ్చింది. ప్లీడరుగారి భుజాన వైరు చుట్ట ఉంది. “మైకెక్కడ పెట్టారు? మర్యాదగా చెప్పండి డాక్టరుగారూ!”

“మైకేమిటండీ? మా ఆవిడ ఇంటర్వ్యూ!”

“గోడలోంచా ఇంటర్వ్యూ?”

చప్పుడు విని వచ్చిన పంతులమ్మ పగిలిన డబ్బాని చూసి కుర్చీలో కూలబడింది. “ఇంకాసేపట్లో పిలుస్తారు బాబాయిగారూ. ఇన్నేళ్ళ కష్టమూ మట్టిపాలైపోయింది,” అని బావురుమంది.

ప్లీడరుగారు కరిగిపోయారు. “ఊరుకో అమ్మా. మా ఆఫీసులో ఇంటర్నెట్ ఉంది, వచ్చి కూర్చో. కేసు సంగతి రేపు చూసుకుందాం.”

ప్లీడరుగారు ఇంకేమైనా వైర్లు ఉన్నాయేమోనని పుస్తకాలన్నీ అప్పటికే కిందికి దించేసి ఉన్నారు. ఖాళీ అర ముందు పంతులమ్మ కూర్చుంది. తెర మీద బడి కమిటీ సభ్యులు ముగ్గురు కనిపించారు. మధ్యలో ఉన్న అధ్యక్షుడు చెంప మీంచి చెయ్యి తియ్యడం లేదు. మొదటి ప్రశ్నలు బాగానే నడిచాయి. అంతలో ఆయన ముందుకు వంగాడు.

“మేడమ్, మీ వెనక గోడలో ఒక కన్నుంది.”

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగి చూడాల్సిన పని లేదు. “మా ఆయనండీ,” అంది.

“గోడలోనా?”

“ఇవాళ్టికి.”

కన్ను పోయి నోరు వచ్చింది. “సార్, కింది దవడ చివరి పన్నేనా? చల్లనిది తాగితే జివ్వుమంటోందా?”

“అవునండీ! మీకెలా తెలుసు?”

“ఏదీ, కెమెరాకి దగ్గరగా వచ్చి నోరు తెరవండి.”

అధ్యక్షుడు తెరిచాడు. తెరంతా నోరే అయింది. పంతులమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. బల్ల మీద అరచేత్తో చరిచింది.

“ఇద్దరూ నోర్ముయ్యండి! ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరడం ఏం పద్ధతి? గోడ పక్కకి తప్పుకోవాలి! సార్, మీరు నిటారుగా కూర్చోండి. ముందు ప్రశ్నలు. పన్ను తర్వాత.”

గోడ పక్కకి తప్పుకుంది. అధ్యక్షుడు నోరు మూసి చేతులు కట్టుకున్నాడు. ఏ తప్పూ చేయని మిగతా ఇద్దరు కూడా చేతులు కట్టుకున్నారు. తలుపు దగ్గరున్న ప్లీడరుగారు కూడా కట్టుకున్నారు. తానేం చేసిందో అప్పటికి గానీ పంతులమ్మకి అర్థం కాలేదు. ఇక ఉద్యోగం లేనట్టేనని గుండె రాయి చేసుకుని, మిగతా జవాబులు చెప్పేసి ఇంటికొచ్చి పడుకుంది.

సాయంత్రం ల్యాండ్‌ఫోన్ మోగింది. అధ్యక్షుడే. “ఉద్యోగం మీదే మేడమ్. మా బడిలో పిల్లలు ఎవరి మాటా వినరు. ఒక్క కేకతో కమిటీ చేత చేతులు కట్టించిన మనిషిని ఎలా వదులుకుంటాం?” అని, గొంతు తగ్గించి, “డాక్టరుగారు ఉన్నారా?” అన్నాడు.

పంతులమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. “చూశావా, నెట్‌వర్క్ అంటే ఇదీ!” అన్నారు డాక్టరుగారు. ఆమె ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసింది.

మర్నాడు కన్నం పూడ్చడానికి తాపీమేస్త్రీ వచ్చాడు గానీ పని మొదలుపెట్టడానికి వీల్లేకపోయింది. అవతల ప్లీడరుగారు కన్నం దగ్గర నోరు తెరుచుకుని తన వంతు కోసం నిలబడి ఉన్నారు.