సూరమ్మ ముళ్లకు సర్కారు రక్షణ

ఒక పెద్ద అడవి. అంత పెద్ద అడవిలోనూ చావింట కథ చెప్పడం వచ్చిన ప్రాణి ఒక్కటే మిగిలింది. ముళ్లపంది సూరమ్మ.

ఎవరింట్లో ఎవరు పోయినా పదకొండో రోజున సూరమ్మ వెళ్లి, పోయినవాళ్ల కథ ఎత్తుకునేది. వీపు మీది ముళ్లు గలగలలాడిస్తే అదే తాళం. పక్కన తాబేలు పాపయ్య వంత పాడేవాడు. మంచితనంతో మొదలుపెట్టి, పోయినవాళ్ల పిసినారితనం, దొంగ వేషాలు, పెళ్లాం చేత తిన్న తిట్లు, అన్నీ బయటపెట్టేది. ఏడుస్తూ కూర్చున్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతూ లేచేవాళ్లు.

ఇది అంతరించిపోతున్న కళ అని ఎవరో సింహరాజు చెవిన వేశారు. నెల తిరక్కుండా ‘జానపద కళల పరిశోధన, సమాజ వికాస పీఠం’ వెలిసింది. డైరెక్టరు నక్క జంబూకరావు. ఆయన జన్మలో ఒక్క కథా పూర్తిగా విన్నవాడు కాదు. కాబట్టి పక్షపాతం ఉండదని ఆయన్నే వేశారు.

మొదట పరిశోధకురాలు కొంగ వచ్చింది. తెల్లగా ఉంది, మెత్తగా మాట్లాడింది.

“అమ్మా, మీ ముళ్లు అడవి మొత్తానికీ ఆస్తి. ఇలా ఎండలో వానలో వేసుకు తిరిగితే పాడైపోవూ?”

“నా వీపేగా తల్లీ. ఎక్కడ పెట్టి రమ్మంటావు?”

“అందుకే మేమున్నాం. నమూనాకి ఒక్కటి ఇవ్వండి చాలు.”

సూరమ్మ ఇచ్చింది. మర్నాడు పొడుగు కొలవడానికి ఒకరొచ్చారు. రంగు చూడడానికి ఇంకొకరు. ముల్లు మీద సమాజ ప్రభావం తేల్చడానికి ఏకంగా నలుగురు. వచ్చినవాళ్లంతా తలో గుప్పెడు పీక్కుపోయారు.

“అక్కా, ఇక చాలని చెప్పరాదా?” అన్నాడు పాపయ్య.

“పెద్ద చదువులవాళ్లురా. మొహం మీద ఎలా కాదంటాం?” అంది సూరమ్మ, నొప్పికి పళ్లు బిగబట్టి.

ఆఖరికి సూరమ్మ వీపు బోసిపోయింది. ముళ్లన్నీ పీఠంలో అద్దాల పెట్టెలోకి చేరాయి. కింద పలక మీద ‘సేకరణ: జంబూకరావు’ అని రాశారు.

ఆ వారంలోనే ముసలి ఎలుగుబంటి పోయాడు. ఆయన భార్య రాజమ్మ కబురంపింది. సూరమ్మ పీఠానికి పరుగెత్తింది.

“ఒక్క పూటకి నా ముళ్లు ఇప్పించండమ్మా.”

కొంగ నొచ్చుకుంది. “గుర్తింపు పొందిన కళాకారులకే ఇస్తామమ్మా. గుర్తింపు కార్డు ఉందా?”

“లేదు. రాయండి మరి.”

“రాస్తాను. కానీ వీపున ముళ్లు ఉన్నవాళ్లకే కార్డు. రూలు.”

సూరమ్మ వట్టి వీపుతోనే చావింటికి వెళ్లింది. నోరు తెరిచింది. తాళం లేక మాటలు తడబడ్డాయి. పాపయ్య తన డిప్ప మీద ఎంత కొట్టినా కథ నడవలేదు. నవ్వు వచ్చే చోట అందరూ తలలు దించుకున్నారు. రాజమ్మ చివరిదాకా ఎదురుచూసి, “పోనీలే వదినా” అంది. చావింట సూరమ్మ ఏడవడం అదే మొదటిసారి.

పీఠం ప్రారంభోత్సవానికి సింహరాజు వచ్చాడు. కళాకారులకు ఆఖరి వరస ఇచ్చారు. ఎనిమిది ప్రసంగాలయ్యాక రాజు ఆవులించాడు.

“కళ కళ అంటున్నారు. ఏదీ, చూపించండి.”

నక్కకి చెమటలు పట్టాయి. “సూరమ్మను పిలవనా?” అని కొంగ ఆయన చెవిలో గొణిగింది.

“ఆ వీపు రాజుగారు చూస్తే మన గతేం కాను? పెట్టె తెరువు!”

తెర వెనక తుమ్మబంకతో ముళ్లన్నీ నక్క వీపుకి అంటించారు. జంబూకరావు వేదికెక్కి ఒళ్లు ఊపాడు. గలగలా లేదు, గిలగిలా లేదు. అయినా రాజుగారి తాతముత్తాతల గొప్పలు మాత్రం వరసపెట్టి వల్లించాడు. సింహం పొంగిపోయింది.

“శభాష్, జంబూకం!” అంటూ వీపు మీద బలంగా చరిచింది.

మరుక్షణం రాజు పెట్టిన గర్జనకి పందిరి ఊగింది. పంజాలో పదిహేను ముళ్లు. రాజు ఒంటికాలి మీద గెంతుతుంటే, అంతవరకూ కునుకు తీస్తున్న సభ కడుపులు పట్టుకుని నవ్వింది. ఆఖరి వరసలో సూరమ్మ పక్కన కూర్చున్న రాజమ్మ అయితే నేల మీద దొర్లింది.

విచారణ కమిటీ వేశారు. అధ్యక్షుడు జంబూకరావే, సంఘటనను అంత దగ్గర నుంచి చూసినవాళ్లు వేరే లేరు మరి. ‘ఈ కళ ప్రమాదకరం. అదృష్టవశాత్తూ అంతరించింది’ అని ఆయన నివేదిక ఇచ్చాడు. పీఠానికి ఇంకో భవనం మంజూరైంది.

వానలు పడ్డాయి. సూరమ్మ వీపున కొత్త ముళ్లు మొలిచాయి. పాపయ్యను వెంటబెట్టుకుని తిన్నగా రాజమ్మ గుహకి వెళ్లి, బాకీపడ్డ కథ మొత్తం చెప్పింది. ముసలాయన తేనెపట్టులో మూతి ఇరుక్కుని మూడు రోజులు మౌనవ్రతమని బుకాయించిన ఘట్టం వచ్చేసరికి రాజమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

గలగల విని కొంగ వచ్చి వాలింది.

“అమ్మా, ఇంకా బతికే ఉందా మీ కళ! ఒక్క నమూనా...”

సూరమ్మ ముళ్లు నిక్కబొడిచి, వెనక్కి తిరిగి నిలబడింది.

“రా తల్లీ. ఎన్ని కావాలో నువ్వే వచ్చి తీసుకో.”

కొంగ ఎగిరిపోయి, కళ నిజంగానే అంతరించిందని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టింది.

నీతి: కళను కాపాడేవాళ్లు బయల్దేరారని తెలిస్తే, కళాకారులు ముందు తమ వీపు కాపాడుకోవాలి.